వై క్రోమోజోమ్‌కి తెలియని వంశం

బ్రయన్ సైక్స్ ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన జన్యుశాస్త్రవేత్త. తన ఇంటిపేరే ఉన్న 48 మంది ఇంగ్లండ్ మగవాళ్ల వై క్రోమోజోమ్‌లు పరీక్షిస్తే 21 మందిది ఒకే రకమని తేలింది. 2000లో వ్యాసంగా వచ్చిన ఈ సంగతినే 2003లో ‘ఆడమ్స్ కర్స్’ పుస్తకంలో కథలా చెప్పాడు.

ఇంటిపేర్ల డీఎన్‌ఏ ప్రాజెక్టులు పనికిరావనను. ఒకే పేరున్న రెండు కుటుంబాలు ఒక మూలానివో కాదో తేల్చడానికి, కాగితాలు దొరకని చోట మగ వరసని అందుకోవడానికి అవి బాగానే ఉపయోగపడతాయి. నన్ను ఆపింది మిగతావాళ్ల లెక్క. మూలపురుషుడు ఒక్కడే అనుకుని, తరానికి సగటున 1.3 శాతం మందికి ‘తండ్రి వేరు’ అన్నారు. ఆ మాట వినగానే మన చూపు ఎవరి మీదికి పోతుంది? దత్తత వెళ్లిన పిల్లాడు, తల్లి ఇంటిపేరుతో పెరిగిన బిడ్డ, భార్య ఇంటిపేరు తీసుకున్న మగవాడు (మన ఇల్లరికాలు గుర్తొస్తాయి) - వీళ్లవల్ల కూడా వరస తెగుతుంది. ఎందుకు తెగిందో క్రోమోజోమ్ చెప్పదు. పాతివ్రత్యాన్ని మాత్రం మనమే అనుమానిస్తాం.

నా పీహెచ్‌డీ పట్టా మీద ఒక ఇంటిపేరు, రేషన్ కార్డు మీద ఇంకొకటి. ఏ పేరుతో వెళ్లినా నా నమూనా ఆ పరీక్షకి పనికిరాదు, అన్నయ్యని బతిమాలుకోవాలి. తల్లినుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ వెంట నడిచే పేరే లేదు. 2001లో ‘ది సెవెన్ డాటర్స్ ఆఫ్ ఈవ్’ రాసినప్పుడు ఆ ఆదిమ తల్లులకి సైక్సే పేర్లు కల్పించాల్సి వచ్చింది.

మా అమ్మమ్మని వాళ్లమ్మ పుట్టింటి పేరు అడిగాను. ఏ ఊరి ఆడపడుచో చెప్పింది. ఇంటిపేరు గుర్తులేదంది.