దూత ధర్మము - బ్రేకు లేని బండి

ఇటీవల మా మనుమడు బ్రేకులు లేని సైకిలొకటి కావలెనని పట్టుబట్టెను. దానిని ఫిక్సెడ్ గేర్ సైకిలందురట. మన సైకిళ్ళకు వెనుకచక్రమున ఫ్రీవీల్ ఉండును. కావున త్రొక్కుట మానినను బండి సాగును. ఇందు అది లేదు. చక్రము తిరిగినంతసేపు పెడళ్ళును తిరుగవలసినదే. కాళ్ళ బలముతో వానిని అదిమిపట్టి బండిని నిలుపవలెను. పందెపు బాటలకై పుట్టిన ఈ బండిని న్యూయార్కు మొదలగు నగరములలో కవరులు మోయు సైకిలు దూతలు వీధులలోనికి తెచ్చిరి. భాగములు తక్కువ, మరమ్మతు తక్కువ అని వారి లెక్క. 1993లో బెర్లినులో ఈ దూతలకు ప్రపంచ పోటీలు కూడ జరిగినవి. కూలివానికి పొదుపైనది క్రమముగా విలాసవంతులకు సొగసైనది.

ఈ మోజును మాకు బోధపరచుటకై మనుమడు 'ప్రీమియం రష్' అను ఆంగ్లచిత్రమును చూపెను. 2012లో వెలువడిన ఈ చిత్రమునకు దర్శకుడు డేవిడ్ కెప్. నాయకుడు వైలీ న్యాయశాస్త్రము చదివియు, కార్యాలయపు కుర్చీ నొల్లక, దూతవృత్తి నవలంబించినవాడు. చైనాలోని కుమారుని రప్పించుకొన గోరు నొక తల్లి పంపిన చీటీని అతడు సాయంత్రము ఏడు గంటలలోగా చైనాటౌనుకు చేర్పవలెను. కూడలిలో ఏ దారిన పోయిన ఏ ప్రమాదము వాటిల్లునో అతడు క్షణములో ఊహించుటను తెరపై చూపిన పద్ధతి మెచ్చదగినది. కాని బ్రేకు వేయుటయే పిరికితనమన్న భావము చిత్రమంతట వ్యాపించియున్నది. మా ఆక్షేపణ యిచ్చటనే.

జూదపుటప్పులలో మునిగిన పోలీసు అధికారి యొకడు ఆ కవరు నిమ్మనగా వైలీ ఇయ్యడు. మా దృష్టిలో చిత్రమునకు ప్రాణము ఈ ఘట్టమే, వేగము కాదు. హనుమంతుడు సముద్రమును లంఘించుట గొప్పయే. అయినను సీతమ్మ బెదరకుండ ఎట్లు పలుకరింపవలెనని అతడు చెట్టుపై నాగి ఆలోచించుట అంతకంటె గొప్ప. ఆ ఆగుటయే దూత ధర్మము.

దీనిని మేము పెరంబూరులోనే కన్నులార చూచితిమి. 1971లో, మా బాల్యమున, నెల్లూరునుండి తంతి వచ్చెను. మా తండ్రిగారు రైల్వే వర్కుషాపులో పనిలో నుండిరి. తంతి జవాను కడ్డీ బ్రేకుల బరువైన సైకిలును స్టాండు వేసి నిలిపెను. ఆంగ్లము రాని మా అమ్మ అతనినే చదువుమనెను. అతడు కాగితము చూచి, చదువక, ప్రక్కింటి పెద్దమ్మను పిలువుమని మాకు చెప్పి, అమ్మను కూర్చుండుమని, ఆపై మెల్లగా అరవములో మా నాయనమ్మ మరణవార్త తెలిపెను. అతని సంచిలో ఇంకను తంతులుండెను. అయినను మా అమ్మ ఏడ్పు కొంత నెమ్మదించువరకు అతడు కదలలేదు.

2013 జూలైలో మన దేశమున తంతి సేవ ముగిసినది. నేడు మన వీధులలో భోజనపు పొట్లములు మోయు యువకులు మోటారు సైకిళ్ళపై పరుగెత్తుచున్నారు. పది నిమిషములలో సరకు రావలెనని కోరువారము మనమే. వారి వేగమును సాహసమని మెచ్చుకొనుట సులభము. ఆ వేగమునకు మూల్యము వారి ప్రాణమని తలచుట కష్టము. బ్రేకు లేని బండిని అలంకారముగా నెంచువారు ఈ సంగతిని యోచింతురుగాక.

మనుమనికి సైకిలు కొనియిచ్చితిమి. రెండు బ్రేకులును ఉన్నవి.