పన్నెండెకరాల్లో వేట

విస్కాన్సిన్ రాష్ట్రంలో జింకల వేటకి కనీస వయసంటూ లేదు. ఒకప్పుడు పదేళ్ళు నిండాలనేవారు, 2017లో ఆ షరతు కూడా ఎత్తేశారు. చేతికందే దూరంలో లైసెన్సున్న పెద్దవాళ్ళు ఒకరుంటే చాలు, పలకా బలపం పట్టే వయసులో తుపాకీ పట్టొచ్చు. మా బుజ్జిగాడికి ఏడేళ్ళు. చట్టం సరేనన్నా నేను సరేననలేదు. వాడు నాతో మాటుకి వస్తాడు, తుపాకీ ముట్టుకోడు. కానీ వాడికి ఒక అధికారం ఇచ్చాను. వాడు వద్దంటే నేను కొట్టను. ఎందుకు వద్దన్నావని అడగను కూడా.

ఈ ఏర్పాటు మా పక్క పొలం ముసలాయనకి బొత్తిగా నచ్చలేదు. నాకు వేట నేర్పింది ఆయనే. "పిల్లాడి మాట వింటూ కూర్చుంటే నీ ఫ్రీజరు ఖాళీగానే ఉంటుంది" అంటాడు. ఆయనకి నాలుగు వందల ఎకరాలు. మాకు పన్నెండు. అందులో ఇల్లూ షెడ్డూ కూరగాయల మడులూ పోను, చెట్లున్నది సగమే. ఆయన ఆలోచనకీ నా ఆలోచనకీ తేడా అక్కడే వస్తుందనుకుంటాను.

మాడిసన్‌కి పడమరగా కొండలూ లోయలూ ఉన్న ఈ ప్రాంతాన్ని డ్రిఫ్ట్‌లెస్ అంటారు. మంచుయుగంలో హిమనదాలు చుట్టుపక్కల నేలంతా చదును చేసి దీన్ని మాత్రం వదిలేశాయి. ఇక్కడి తెల్లతోక జింక తిరిగే మేర అటూఇటూగా ఒక చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. మా పన్నెండెకరాలు దానికి దారిలో వచ్చే వీధి అరుగు. వస్తుంది, కాసేపు నిలబడుతుంది, పోతుంది. పెద్ద కమతమున్న మనిషి ఒకచోట తన వాసన జింకలకి తెలిసిపోతే ఇంకోచోటికి మారతాడు. మాకున్నవి రెండే చోట్లు. ఒకటి వాయవ్యపు గాలికి, ఒకటి దక్షిణపు గాలికి. ఆ రెండూ కాని గాలి వీస్తే ఇంట్లో కూర్చోవడమే. నిజం చెప్పాలంటే చిన్న కమతంలో వేటంటే చాలావరకు ఇంట్లో కూర్చోవడమే.

తూటా సంగతి ఇంకా కష్టం. గురి తప్పితే అది మైలు దాటి పోగలదు. మా నేల ఈ కొసనుంచి ఆ కొసకి మూడొందల గజాలు కూడా ఉండదు. కనుక తూర్పునున్న గట్టు ఒక్కటే మాకు దిక్కు. జింక ఎంత దగ్గరగా నిలబడనీ, దాని వెనక ఆ గట్టు మట్టి కనబడకపోతే కొట్టేది లేదు. ఈ రాష్ట్రంలో 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు పక్కన తోడు లేకుండా వేటాడే లైసెన్సు తీసుకోవాలంటే వేట భద్రత కోర్సు పాసవ్వాలి. అందులో చెప్పే నాలుగు సూత్రాల్లో ఇదొకటి. గురి ఏమిటో ఎంత బాగా తెలియాలో, దాని వెనక ఏముందో కూడా అంత బాగా తెలియాలి.

ఆ తర్వాత కంచె. ఊపిరితిత్తుల్లో సరిగ్గా తగిలిన జింక కూడా ఉన్నచోటే కూలదు, యాభై గజాలో వంద గజాలో పరిగెత్తి పడుతుంది. కడుపులో తగిలిందా, గంటల తరబడి నడుస్తూనే ఉంటుంది. కంచె దాటి పక్కవాళ్ళ నేలలో పడితే వాళ్ళని అడక్కుండా మనం కాలు పెట్టకూడదు. అందుకని ప్రతి అక్టోబరులో ఓ డబ్బా పట్టుకుని చుట్టుపక్కల ఇళ్ళకి వెళ్ళొస్తాను. ఈ కౌంటీ రైతులకి అరిసె రుచి తెలిసిందంటే అది నా వేట పుణ్యమే.

గాలి ఒప్పుకోవాలి, గట్టు ఒప్పుకోవాలి, పక్కింటివాళ్ళు ఒప్పుకోవాలి. ఇన్ని ఒప్పుదలలు కుదిరాక బుజ్జిగాడిది ఇంకొకటి. అదేమంత బరువు?

మాది భద్రాచలం దగ్గర. పర్ణశాలలో సీతమ్మ మోజుపడ్డ బంగారు లేడి కథ వింటూ పెరిగినదాన్ని. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ జింకని కొడితే జైలే. పైగా ఇప్పుడది తెలంగాణ రాష్ట్ర జంతువు. నేను లైసెన్సు తీసుకున్నానని ఫోన్లో చెబితే మా అమ్మ, "ఏం పోయేకాలమే నీకు, దుప్పిని కొడతావా?" అంది. తిన్నడి కథ ఎత్తాను. బోయపిల్లాడు వేటాడి తెచ్చి, రుచి చూసి మరీ మంచి ముక్క శివుడికి పెడితే కన్నప్ప అని కొలుస్తాం కదా, నా దగ్గరకొచ్చేసరికి తప్పెలా అయిందన్నాను. "ఆయన కళ్ళు కూడా ఇచ్చాడు. నువ్వేం ఇస్తావు?" అంది. మా అమ్మతో వాదన పెట్టుకోకూడదు.

ఇక్కడి లెక్క వేరని చెప్పి చూశాను. పంతొమ్మిదో శతాబ్దం చివరికి అమెరికాలో ఈ జింకలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. మాంసం, తోలు అమ్ముకునే వేట వాటిని అంతపని చేసింది. చట్టాలొచ్చి కాపాడాక ఇప్పుడవి దేశంలో కోట్లలో ఉన్నాయి. తోడేళ్ళని మనుషులే చంపేశారు గనక చాలాచోట్ల వాటిని తినేవాళ్ళు లేరు. అడవిలో మొలిచిన ప్రతి లేత మొక్కా వాటి నోట్లోకే పోతుంది. ఈ సంగతి ముందుగా గట్టిగా చెప్పినవాళ్ళలో ప్రకృతి రచయిత ఆల్డో లియోపోల్డ్ ఒకరు. 1943లో ఇదే రాష్ట్రంలో జింకల మందల్ని తగ్గించాలని వాదించి జనంతో నానా మాటలు పడ్డారాయన. మాకు ఎంతో దూరం కాని బారబూ దగ్గర, 1935లో, సారం చచ్చిన పొలం ఒకటి కొని, కోళ్ళ పాకని గుడిసెగా మార్చుకుని, భార్యా ఐదుగురు పిల్లలతో వారం వారం వచ్చి వేలకొద్దీ పైన్ మొక్కలు నాటారు. ఆయన రాతలకంటే పిల్లల్ని ఆ మట్టిలో తిప్పిన తీరే నాకు ఎక్కువ నచ్చుతుంది.

    

పిల్లాడితో మాటు కాయడానికి చెట్టు మీది మంచె పనికిరాదు. ఇక్కడ వేటగాళ్ళకి దెబ్బలు తగిలేది తుపాకీ వల్లకన్నా మంచె మీంచి పడటం వల్లే ఎక్కువ. నేలమీదే గుడ్డ గుడారం వేసుకుంటాం. లోపల కదిలినా బయటికి కనబడదు, ఏడేళ్ళవాడు కదలకుండా ఎలా ఉంటాడు? తెల్లవారుజాము వేట కూడా మానేశాను. నవంబరు చివర్లో ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది కాబట్టి మూడింటికి వెళ్ళి కూర్చుంటే సరిపోతుంది. ఇద్దరం మెరిసే నారింజ రంగు కోటూ టోపీ వేసుకుంటాం. 2016 నుంచి గులాబీ రంగు కూడా చెల్లుతుంది. జింక కంటికి ఈ రంగులు మనకి కనబడినట్టు కొట్టొచ్చినట్టు కనబడవు. మనిషి కంటికి కనబడటమే కావలసింది. చప్పుడు మాత్రం జింక వదలదు. చిప్స్ ప్యాకెట్టు చింపితే ఆ సాయంత్రం అయిపోయినట్టే. జంతికలూ అంతే. చివరికి తేలిందేమిటంటే, వేటకి సున్నుండని మించింది లేదు. కరకర లేదు, కాగితం లేదు, ఒకటి నోట్లో పడితే పావుగంట మాట రాదు.

పోయినేడు ముందుగా ఓ తల్లి జింక రెండు పిల్లల్ని వెంటేసుకుని గట్టు కిందికి వచ్చింది. నవంబరునాటికి ఆ పిల్లలు పాలు మరిచి సొంతంగా బతకగలవు. ఆ సంగతి నాకు తెలుసు, వాడికి చెప్పలేదు. చెబితే వాడి నోటినుంచి నాకు కావలసిన మాట రాబట్టుకున్నట్టవుతుంది. తల అడ్డంగా ఊపాడు. మర్నాడు, ఎనిమిది కొమ్మల కొమ్ములతో ఓ మగ జింక. గాలి కుదిరింది, గట్టు కుదిరింది, నిలబడిన తీరు కుదిరింది. అప్పుడూ తల అడ్డంగానే ఊపాడు. నా ప్రాణం ఉసూరుమంది. పక్క పొలం ముసలాయనకి ఈ ముక్క ఇప్పటికీ చెప్పలేదు.

తర్వాత వారం మధ్యలో ఓ ఆడ జింక ఒంటరిగా వచ్చింది. వాడు చాలాసేపు చూశాడు. తర్వాత తనే చెవులకి మఫ్స్ సర్దుకున్నాడు. అదే వాడి జవాబు. తుపాకీ మోత పిల్లల చెవుల్ని శాశ్వతంగా పాడుచేయగలదు గనక అవి లేకుండా లోపలికే రానివ్వను.

కొట్టాక అరగంట ఆగాలి. వెంటపడితే దెబ్బతిన్నది లేచి ఇంకా దూరం పోతుంది. ఆ అరగంట నాకు కష్టం, వాడికి మరీ. జాడ తీయడంలో మాత్రం పిల్లలదే పైచేయి, వాళ్ళ కళ్ళు నేలకి దగ్గరగా ఉంటాయి. ఎండిన ఓక్ ఆకు మీద మొదటి చుక్క వాడే చూశాడు. లేత ఎరుపు, చిన్న చిన్న బుడగలతో. బుడగలుంటే ఊపిరితిత్తులకి తగిలినట్టు. ముదురు రంగైతే కాలేయం. ఆకుపచ్చగా వాసనేస్తే కడుపు, అప్పుడు చాలా గంటలు ఆగాలి. కంచెకి ఇవతలే దొరికింది.

పొట్ట కోసేటప్పుడు దూరంగా ఉండమన్నాను. ఉండలేదు. ఆ చలికి లోపలినుంచి ఆవిర్లు లేచాయి. పెద్ద కడుపు కోసి చూపించమన్నాడు, చూపించాను. నమిలిన పచ్చి గడ్డి, ఓక్ కాయల ముక్కలు, వాటిమధ్య పసుపుపచ్చని మొక్కజొన్న గింజలు. మా దగ్గర మొక్కజొన్న లేదు, పక్క పొలం ముసలాయన దగ్గరే ఉంది. "అమ్మా, ఇవి తాత చేనువి!" అన్నాడు. ఆ దొంగతనం గురించే ఇంటిదాకా మాట్లాడాడు. చావు గురించి అడుగుతాడని నేను సిద్ధం చేసుకున్న జవాబులన్నీ అలాగే ఉండిపోయాయి.

మర్నాడు సాయంత్రం ఐదులోగా ఆన్‌లైన్లో నమోదు చేయాలి. తలని కాస్త మెడతో సహా పరీక్షకి ఇచ్చొస్తాం. 2002లో మా వైపు జింకల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే క్షీణవ్యాధి బయటపడింది. అది మెదడుని తినేసే జబ్బు, ఎంత ఉడికించినా పోదు. మనుషులకి సోకినట్టు ఇంతవరకు రుజువు కాలేదు. అయినా ఫలితం వచ్చేదాకా ఒక్క ముక్క కూడా పొయ్యి మీదికి ఎక్కదు. తూటా కూడా సీసంది కాదు, రాగిది వాడతాను. సీసం తూటా లోపల తునాతునకలై, కంటికి కనబడని రవ్వలు మాంసంలో కలిసిపోతాయి. పిల్లల ఒంట్లో సీసం ఇంతవరకు ఉండొచ్చనే హద్దే లేదు. ఇక్కడ సీసం తూటాల మీద నిషేధం లేదు, ఉంటే బాగుండేది.

మాంసంలో కొవ్వు దాదాపు ఉండదు. అందుకని కాస్త ఎక్కువ నూనె, సన్నని సెగ. వేసవిలో మడుల్లో కోసి దాచిన గోంగూర దానికి బాగా కుదురుతుంది.

ఈ ఏడు బుజ్జిగాడు కొత్త బేరం పెట్టాడు. వద్దనే అధికారం ఉన్నప్పుడు కొట్టమనే అధికారం ఎందుకు లేదని వాడి ప్రశ్న. లేదని చెప్పాను. అయితే చిన్న కత్తి తన దగ్గరుండాలట. అదీ తేలలేదు. సీజను వచ్చే శనివారం మొదలు.