ఆయుధం చేతిలో ఉండగా భయమా?

చేతిలో ఆయుధమున్నవాడికి భయమేమిటని కొందరు మిత్రులు వాదిస్తున్నారు. 2008లో వెలువడిన ‘డెడ్ స్పేస్’ అనే వీడియో గేమును గురించి ఈ వాదం. అది వైజ్ఞానిక కల్పన. ఆటగాడు శత్రువులను కాల్చుకుంటూ ముందుకు పోతాడు. కనుక అది వీరరస ప్రధానమే గాని భయానకం కాదని వారి నిర్ణయం. తెగిన అవయవాలు చూపడం ఒట్టి బీభత్సమేనని మరికొందరంటారు. ఈ రెండో మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని బీభత్సం నుంచే భయానకం పుడుతుందని భరతుడే చెప్పాడు గదా!

అసలు ఆ ఆయుధమేమిటో చూడాలి. కథానాయకుడు ఐజాక్ క్లార్క్ సైనికుడు కాడు, ఇంజనీరు. మరమ్మతు కోసం అతడు వెళ్ళిన ‘ఇషిమురా’ యుద్ధనౌక కాదు. గ్రహాలను పగలగొట్టి ఖనిజం తీసే అంతరిక్షనౌక. అతనికి మొదట దొరికేది గనిలో రాయి కోసే పనిముట్టు. శవాలు రూపు మారి మీదపడతాయి. తలకు గురిపెట్టి లాభం లేదు. కాళ్ళూ చేతులూ కోయాలి. రాతిని కోయవలసిన పనిముట్టుతో నిన్నటి కార్మికుల దేహాలను కోస్తున్నాడన్నమాట. ఇందులో వీరానికి కావలసిన ఉత్సాహమెక్కడ? తూటాలు ఎప్పుడూ చాలవు. ఏమేం మిగిలాయో చూసుకుంటున్నంతసేపూ ఆట ఆగదు. నౌకలో జనం చచ్చిపోయినా దుకాణం మాత్రం నడుస్తూనే ఉంటుంది. డబ్బు పెట్టందే అది మందైనా ఇవ్వదు. రాక్షసుల కంటె నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ దుకాణమే.

మొదటి ఆటలోనూ లోపాలున్నాయి. ఫిరంగిలో కూర్చుని గ్రహశకలాలను పేల్చే ఘట్టంలో భయం జాడ లేదు.

2013లో వచ్చిన మూడవ ఆటలో పరిస్థితి మారింది. అన్ని ఆయుధాలకూ ఒకే రకం తూటా. తోడుగా మరో ఆటగాడు రావచ్చు. తోటివాడు పక్కనుంటే ధైర్యం రావడం సహజమే. దానికి మనం విచారించనక్కరలేదు. కాని ఆయుధాల తయారీకి కావలసిన సామగ్రిని ఆటగాడి సొంత డబ్బుతో కొనుక్కొనే ఏర్పాటు కూడా చేశారు. కొనకుండా ఆడడం సాధ్యమే, నిజమే. అయినా భయానికి కొరతే మూలమైన చోట, ఆ కొరతనుంచి విముక్తిని సరుకుగా అమ్మారు. ఓడలోని దుకాణం ఆటగాడి ఇంటికే వచ్చిందన్నమాట! ఈ ఆట భయానకం కాదని మిత్రులంటే నేను కాదనను. కాని దానికి కారణం తుపాకి కాదు.

2023లో మొదటి ఆటనే కొత్తగా నిర్మించినప్పుడు ఆ అమ్మకం పెట్టలేదు. ఐజాక్ మళ్ళీ ఒంటరిగా, గని పనిముట్టుతో నౌకలోకి అడుగుపెట్టాడు.