'శానిటేరియం' లోపలి గొంతు

హెవీ మెటల్ అంటే చెవులు చిల్లులు పడే గోల తప్ప మరేమీ కాదనే మిత్రులకు మెటాలికా వాళ్ల 'శానిటేరియం' పాట వినమని చెబుతుంటాను. 1986లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' ఆల్బంలోది. పేరుకు ముందు 'వెల్‌కమ్ హోమ్' అని కూడా ఉంటుంది. వెటకారమంతా అక్కడే ఉంది. మనకు శానిటోరియం అనగానే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం, క్షయవ్యాధి గుర్తొస్తాయి. ఇక్కడ మాత్రం అది పిచ్చాసుపత్రి.

పాటకు ప్రేరణ కెన్ కీసీ 1962లో వెలువరించిన 'వన్ ఫ్లూ ఓవర్ ద కుకూస్ నెస్ట్'. బే ఏరియా తెలుగువాళ్లకిది ఇరుగుపొరుగు కథే. కీసీ మెన్లో పార్క్ వెటరన్స్ ఆసుపత్రి మానసిక వార్డులో రాత్రి డ్యూటీలు చేస్తూ ఈ నవలకు సరుకు పోగేసుకున్నాడు. పాతికేళ్ల తర్వాత పాట కట్టిన కుర్రాళ్ల మకామూ ఈ చుట్టుపక్కలే.

1975లో మిలోష్ ఫోర్మన్ తీసిన సినిమాకు అయిదు ఆస్కార్లు వచ్చాయి. అందులో జాక్ నికల్సన్‌ను మనం బయటినుంచి చూస్తాం. నవలలో కథంతా చెప్పేది చెవిటి మూగవాడిలా నటించే చీఫ్ బ్రామ్డెన్. అతని భయంలోంచే వార్డంతా మనకు కనిపిస్తుంది. సినిమా ఆ గొంతు తీసేసింది; కీసీకి అది మింగుడుపడలేదు. పాట, తెలిసో తెలియకో, ఆ గొంతును తిరిగి తెచ్చిందని నా అభిప్రాయం. చిన్న గంటలు మోగినట్టుండే గిటార్ స్వరాలతో నెమ్మదిగా మొదలవుతుంది, మందు మత్తులో పడుకున్నవాడి తలలోంచి వింటున్నట్టు. పల్లవి దగ్గర విరుచుకుపడి మళ్లీ సద్దుమణుగుతుంది. కాసేపు ఇలా నడిచాక ఇక తగ్గదు, వేగం పుంజుకుని తిరుగుబాటులోకి దూకేస్తుంది.

లోటూ అక్కడే. నవలలో నన్ను కుదిపేసిన ఘట్టంలో తాళాలు లేవు. వార్డులో చాలామంది తమంతట తామే వచ్చి చేరారని, కావాలంటే వెళ్లిపోవచ్చని మెక్‌మర్ఫీకి తెలుస్తుంది. అయినా వాళ్లు వెళ్లరు. నర్స్ రాచెడ్ బలమంతా అదే. పాటలో బంధించేవాళ్లు, బందీ తప్ప మరొకరు లేరు. చివర్లో 'నేను' కాస్తా 'మేము' అవుతుంది గానీ, ఆ మిగతావాళ్లెవరో మనకు పరిచయమే కాదు. ఆరున్నర నిమిషాల పాటలో అంతకంటే ఏం పడుతుందని సరిపెట్టుకోవచ్చు. ఎర్రగడ్డ పేరెత్తి నవ్వించే సినిమాలు మనకు బోలెడు. లోపలున్నవాడు 'నేను' అని మాట్లాడే తెలుగు పాట నాకింతవరకు తగల్లేదు.

మా అబ్బాయి నా విమర్శ ఒప్పుకోడు. "భయపడి లోపలే ఉండిపోయేవాడికి డ్రమ్స్ ఎలా వాయిస్తారు నాన్నా?" అంటాడు.

వాయించనక్కర్లేదు, ఆ మొదటి నిమిషాన్నే ఇంకాస్త సాగనిస్తే చాలంటాను నేను.