పన్నెండో తెర

కొత్త లైనక్స్ సర్వర్ ఏదైనా నా చేతికి వస్తే, యూజర్ ఖాతాలు తెరవడానికి కూడా ముందు ఒక పని చేస్తాను. దాని పన్నెండో తెరను లాగ్‌కు కేటాయిస్తాను. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్12 మూడూ కలిపి నొక్కితే చాలు, ఆ యంత్రం లోపల జరుగుతున్నదంతా లాగిన్ అవకుండానే వరసగా కళ్లముందు నడవాలి. చూడ్డానికి పది నిమిషాల పని. ఏ వరస కనబడాలి, ఏది కనబడకూడదు అని తేల్చుకోవడానికి మాత్రం చాలా ఆలోచన కావాలి. సిస్టమ్ అడ్మిన్ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

మానిటరు ఒకటే అయినా లైనక్స్ దానిమీద చాలా తెరలు నడుపుతుంది. వర్చువల్ కన్సోళ్లంటే అవే. కెర్నల్ 63 దాకా ఒప్పుకుంటుంది. సిస్టమ్‌డీ వాడే డిస్ట్రోల్లో మామూలుగా మొదటి ఆరింటిలోనే లాగిన్ అడుగుతుంది, మిగతావి ఖాళీ. ఆ ఖాళీని లాగ్‌కు వాడుకోవడం పాత అలవాటే. డెబియన్ ఇన్‌స్టాల్ చేస్తూ నాలుగో కన్సోల్‌కు వెళ్తే లోపల ఏం జరుగుతోందో కనబడుతుంది. సుసేలో పదో కన్సోల్‌ను ఇందుకే ఉంచేవారు.

లాగ్ ఎలాగూ డిస్కులో ఉంటుంది కదా, కావలసినప్పుడు జర్నల్‌సీటీఎల్ కొట్టి చూసుకోవచ్చు కదా అంటారు. చూసుకోవచ్చు. కానీ ఆ కమాండ్ కొట్టేది ఏదో చెడిపోయాక. అప్పటికే మనసులో ఒక అనుమానం ఉంటుంది, దానికి సరిపోయే మాటే వెతుకుతాం. యంత్రం బాగున్న రోజున లాగ్ ఎలా ఉంటుందో ఎన్నడూ చూడనివాళ్లకు, పాడైన రోజున ఏ వరస కొత్తదో, ఏది రోజూ వచ్చేదో తెలియదు. ప్రతి హెచ్చరికా ప్రమాదంగానే తోస్తుంది. రైస్‌మిల్లులో ఏళ్లతరబడి పనిచేసిన మనిషి బెల్టు చప్పుడు కాస్త మారగానే తలెత్తి చూస్తాడు. మిల్లు బాగా ఆడిన రోజులన్నీ వినడంవల్ల అబ్బిన చెవి అది. లాగ్ కంటిముందు ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

ఒక ఆఫీసు ఫైల్ సర్వర్ సంగతి చెబుతాను. అక్కడ ఎవరూ ఏ ఫిర్యాదూ చేయలేదు. ఫైళ్లు తెరుచుకుంటున్నాయి, బ్యాకప్ పూర్తవుతోంది. పన్నెండో తెరమీద మాత్రం బ్యాకప్ నడిచే వేళకు ‘ఏటీఏ3: హార్డ్ రీసెట్టింగ్ లింక్’ అనే వరస వస్తోంది. వెంటనే ‘సాటా లింక్ అప్ 6.0 జీబీపీఎస్’ అని ఇంకొకటి. అంటే డిస్కుతో సంబంధం తెగింది, కెర్నల్ మళ్లీ కలుపుకుంది. తర్వాత మరో వరస చేరింది: ‘లిమిటింగ్ సాటా లింక్ స్పీడ్ టు 3.0 జీబీపీఎస్’. సగం వేగానికి తగ్గించుకుని మరీ కెర్నల్ పని నెట్టుకొస్తోందన్నమాట. డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే స్మార్ట్ పట్టికలో 199వ అంశం చూశాను. తీగ మీద డేటా చెడిపోయిన ప్రతిసారీ పెరిగే లెక్క అది, పెరుగుతూనే ఉంది. సాటా కేబుల్ మార్చాక ఆ వరసలు మళ్లీ రాలేదు. యంత్రం తన కష్టాన్ని తానే సర్దుకుంటున్నంతకాలం మనుషులెవరికీ తెలియదు, లాగ్‌లో తప్ప.

ఇక ఏర్పాటు సంగతి. 1980ల్లో బర్క్‌లీలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ కోసం రాసిన సిస్‌లాగ్ నుంచి మనకు రెండు మంచి పద్ధతులు వచ్చాయి. ప్రతి సందేశానికీ ఎంత తీవ్రమైనదో చెప్పే అంకె ఒకటి ఉంటుంది, 0 నుంచి 7 దాకా. 0 అంటే వ్యవస్థ కుప్పకూలే స్థితి, 4 హెచ్చరిక, 6 మామూలు సమాచారం, 7 డీబగ్. రెండోది, ఆ సందేశం ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పే గుర్తు: కెర్నలా, మెయిలా, క్రానా, లాగిన్ వ్యవహారమా అని. తెరమీదికి ఏది రావాలో ఈ రెంటితోనే వడగడతాం.

అన్నిటికంటే తేలిక దారి సిస్టమ్‌డీ లాగ్ సర్వీసైన జర్నల్‌డీది. దాని కాన్ఫిగరేషన్‌లో ఫార్వర్డ్‌టూకన్సోల్‌కు ‘ఎస్’ అని, టీటీవైపాత్‌కు ‘/డెవ్/టీటీవై12’ అని, మ్యాక్స్‌లెవెల్‌కన్సోల్‌కు ‘ఇన్ఫో’ అని రాసి సర్వీసును రీస్టార్ట్ చేస్తే అయిపోయింది. అయితే ఈ దారిలో తీవ్రతను బట్టి వడగట్టడమే గానీ మూలాన్ని బట్టి వడగట్టడం కుదరదు. నలుగురూ తిరిగే గదిలో ఉన్న యంత్రానికి అది చాలదు. ఎందుకంటే పన్నెండో తెరకు తాళం లేదు. కీబోర్డు దగ్గర నిలబడ్డ ఎవరైనా చదవొచ్చు.

ఆ ప్రమాదం ఎలాంటిదో చూడండి. దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అవడానికి వాడే పుట్టీని తెరవగానే ‘లాగిన్ యాజ్’ అని అడుగుతుంది. తొందరలో ఉన్న ఉద్యోగి అక్కడ పేరుకు బదులు పాస్‌వర్డ్ కొట్టేస్తాడు. అలాంటి పేరుతో యూజర్ లేడు కాబట్టి సర్వర్‌లోని ఎస్‌ఎస్‌హెచ్ ‘ఇన్‌వాలిడ్ యూజర్’ అని రాసి, పక్కనే అతను కొట్టిన మాటను యథాతథంగా చేరుస్తుంది. ఆ కింది వరసల్లోనే అదే చిరునామా నుంచి అసలు పేరుతో లాగిన్ అయినట్టు ఉంటుంది. ఆ రెంటినీ చదివినవాడికి పేరూ పాస్‌వర్డూ రెండూ దొరికినట్టే. ఒకరి రహస్యాన్ని గోడమీద రాసే హక్కు మనకు లేదు.

అందుకే నేను సిస్‌లాగ్ పద్ధతిలో మూలాన్ని బట్టి కూడా వడగట్టే ఆర్‌సిస్‌లాగ్ వాడతాను. ‘నక్షత్రం, చుక్క, ఇన్ఫో’ అని మొదలుపెట్టి, సెమికోలన్ తర్వాత ఆథ్, ఆథ్‌ప్రివ్ రెంటికీ ‘నన్’ చేర్చి, ఎదురుగా పన్నెండో కన్సోల్ చిరునామా ఇస్తాను. లాగిన్ వ్యవహారాలు ఫైల్లోకే పోతాయి, దాన్ని చదివే అధికారం ఉన్నవాళ్లే చదువుతారు. ఇలాగే ఇంకో వరస రాసి, హెచ్చరికలనూ అంతకు మించినవాటినీ పదకొండో తెరకు పంపుతాను. పన్నెండోది యంత్రం నాడి తెలుసుకోవడానికి, పదకొండోది హడావుడిలో ఒక్క చూపు చూసి పోవడానికి. డీబగ్‌ను రెంటిలోకీ రానివ్వను. అది వస్తే మిగతా ఏడు స్థాయులూ వరదలో కొట్టుకుపోతాయి.

కెర్నల్‌ది వేరే దారి. దాని సందేశాలు నేరుగా మనం పనిచేస్తున్న కన్సోల్ మీదికే వచ్చి పడుతుంటాయి, ఎడిటర్‌లో ఫైలు దిద్దుతున్నా సరే. సెట్‌లాగ్‌కాన్స్ 12 అని కొడితే అవి కూడా పన్నెండుకు తరలిపోతాయి. లేదా కెర్నల్.ప్రింట్‌కేలో ఉండే నాలుగు అంకెల్లో మొదటిదాన్ని 4కు తగ్గిస్తే, ఆ అంకెకు లోపలివి, అంటే 0 నుంచి 3 దాకా తీవ్రతవే తెరమీదికి వస్తాయి. దాన్ని 1కి తగ్గించినా 0 స్థాయి సందేశం ఆగదు. ఆగకూడదు కూడా.

ఫైలు చేయలేని పని తెర చేసే సందర్భం ఒకటుంది. డిస్కే చెడిపోయినప్పుడు ‘రీమౌంటింగ్ ఫైల్‌సిస్టమ్ రీడ్-ఓన్లీ’ అని కెర్నల్ ప్రకటిస్తుంది. ఆ క్షణం నుంచి ఆ ఫైల్‌సిస్టమ్ మీద ఏదీ రాయడం కుదరదు, ఆ ప్రకటనతో సహా. అది కళ్లకు కనబడేది తెరమీదే. తెరకూ ఒక పరిమితి ఉంది. 2020లో వచ్చిన 5.9 కెర్నల్ నుంచి షిఫ్ట్, పేజ్‌అప్ నొక్కి వెనక్కి జరిపే వీలు తీసేశారు. అందుకని ఇలాంటి వరస కనబడ్డప్పుడు ముందు ఫోన్‌తో ఫోటో తీయమంటాను.

ఆ మాట ఆఫీసువాళ్లకు తెలుగులో చెప్పాలి. కానీ తెరమీద తెలుగు చూపించలేం. కన్సోల్ ఫాంటులో 512 అక్షర రూపాలకు మించి పట్టవు, గుణింతాలనూ ఒత్తులనూ కూర్చే ఏర్పాటు అక్కడ లేదు. కెర్నల్ మాటలూ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. కాబట్టి మానిటరు పక్కన ఒక కాగితం అంటిస్తాను: ఏ మూడు మీటలు నొక్కాలి, ఏ మాట కనబడితే ఫోటో తీయాలి, ఎవరికి ఫోన్ చేయాలి.

ఇప్పుడు పెద్ద సంస్థల్లో వందల సర్వర్లను గ్రాఫులతో, అలారాలతో కనిపెడుతున్నారు. అవి ఉండాలి. కానీ ఏ అంకె దాటితే మోగాలో వాటికి చెప్పేది మనమే. ఆ అంకె ఎంతో తెలియాలంటే యంత్రం మామూలు రోజు ఎలా గడుస్తుందో తెలియాలి. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు మీ చేతికింది యంత్రాల్లో ఒక్కదానికి పన్నెండో తెర ఏర్పాటు చేయండి. లాగిన్ వ్యవహారాలను మొదటిరోజే పక్కకు తప్పించండి. మిగతావాటిలో వచ్చిన ప్రతి కొత్త వరసనూ ఎవరు రాశారో, ఎందుకు రాశారో తెలుసుకోండి. అలా తెలుసుకున్నవాటిలోంచే ఏది అక్కర్లేదో ఎంచి తీసేయండి.