లెక్కకు రాని మనుషులు: ‘బెనాంగ్’ నవలలో జాతి నిర్మాణం – మూలవాసులు

ఉపోద్ఘాతం

వలసపాలన ముగియడం, జాతి అవతరించడం, ప్రజలు విముక్తి పొందడం – ఈ మూడింటినీ ఒకే పరిణామంగా చూడటం మన విమర్శలో పరిపాటి. భారతదేశ అనుభవం నుంచి రూపొందిన ఈ అవగాహన, వలస వచ్చినవారే స్థిరపడి జాతిగా మారిన ఆస్ట్రేలియాకు వర్తించదు. అక్కడ అధికారం లండన్ నుంచి వలసదారుల సంతతికి బదిలీ అయిందే తప్ప, భూమి మూలవాసులకు తిరిగి రాలేదు. నూంగార్ మూలవాసి రచయిత కిమ్ స్కాట్ రాసిన ‘బెనాంగ్’ (1999) నవల ఆధారంగా ఈ వ్యత్యాసాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రాజ్యాంగం – గణన

1901 జనవరి 1న ఆరు వలస రాజ్యాలు కలిసి ఆస్ట్రేలియా సమాఖ్యగా ఏర్పడ్డాయి. సమాఖ్య జనసంఖ్యను నిర్ధారించేటప్పుడు మూలవాసులను లెక్కించరాదని రాజ్యాంగంలోని 127వ సెక్షన్ నిర్దేశించింది. 1967 ప్రజాభిప్రాయ సేకరణతోగాని అది తొలగిపోలేదు. అయితే జనసంఖ్యలో చోటు దక్కని మనుషులే అధికారుల దస్త్రాలలో అతిసూక్ష్మంగా లెక్కకెక్కారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1905 నాటి చట్టం మూలవాసుల పిల్లలకు, మిశ్రమ సంతతి పిల్లలకు ప్రభుత్వాధికారినే చట్టబద్ధ సంరక్షకుణ్ణి చేసింది. 1915 నుంచి 1940 వరకు ఈ శాఖకు అధిపతిగా ఉన్న ఎ.ఓ. నెవిల్, మిశ్రమ సంతతిని తరతరానికీ శ్వేతజాతిలో విలీనం చేయాలని వాదించాడు. సగం, పావు, అరపావు అంటూ రక్తాన్ని కొలిచే పద్ధతి ఈ విధానానికి పునాది.

నవలలో దస్త్రం, దేహం

కథకుడు హార్లీ ఈ లెక్కల ఫలితం. శ్వేతజాతీయుడైన తాత ఎర్న్ అతణ్ణి తన ప్రయోగంలో పుట్టిన తొలి ‘తెల్లవాడు’గా పరిగణిస్తాడు. అయితే ఆ సాఫల్యానికి నిదర్శనం కావలసిన దేహం నేల మీద నిలవదు, గాలిలోకి తేలిపోతుంటుంది. వంశస్మృతిని తుడిచివేస్తే మనిషికి కాలికింద నేల ఉండదన్న సత్యాన్ని రచయిత వ్యాఖ్యానంగా కాక, దేహస్థితిగా చూపాడు. హార్లీ తాత పోగుచేసిన కాగితాలు, ఛాయాచిత్రాల నుంచే తన పూర్వీకులను వెలికితీస్తాడు. బంధువులైన వృద్ధుల మాటలను ఆ దస్త్రాల పక్కన నిలుపుతాడు. చెరిపివేతకు పుట్టిన పత్రాలే ఇక్కడ సాక్ష్యాలవుతాయి. అతని పూర్వీకురాలైన ఫ్యానీ పేరులోని ‘బెనాంగ్’కు నూంగార్ భాషలో ‘రేపు’ అని అర్థం.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. దస్త్రాల భాషను విస్తారంగా ఉటంకించడం వల్ల కొన్ని చోట్ల పాఠకుడికి అధికారి గొంతే బిగ్గరగా వినిపిస్తుంది. ఫ్యానీ మొదలైన స్త్రీల జీవితం ఎక్కువగా హార్లీ కథనం ద్వారానే మనకు చేరుతుంది. దస్త్రం దాచిన స్త్రీల మౌనాన్ని నవల గుర్తించింది కాని, దాన్ని పూర్తిగా ఛేదించలేదు.

ముగింపు

1967లో మూలవాసులు లెక్కలోకి వచ్చారు. 1992లో మాబో తీర్పు, వలసకు పూర్వం ఆ నేల ఎవరికీ చెందనిదన్న భావనను తోసిపుచ్చింది. అయినా పార్లమెంటుకు సలహా ఇచ్చే మూలవాసుల ప్రాతినిధ్య సంస్థను రాజ్యాంగంలో చేర్చే ప్రతిపాదనను 2023లో ఓటర్లు తిరస్కరించారు. లెక్కలో చేరినంత మాత్రాన మాటకు చోటు దక్కదని దీనివల్ల స్పష్టమవుతోంది. కాబట్టి ‘బెనాంగ్’ను వలసానంతర సాహిత్యంగా బోధించే ముందు, ఆ పదంలోని ‘అనంతరం’ ఎవరి అనుభవమో తరగతి గదిలో ప్రశ్నించడం అవసరం.