అనుమతి, ఎంపిక: సంతాన నియంత్రణ గ్రంథాలపై ఒక పరిశీలన

పత్తర్‌గట్టి రాతి కమానుల కింద బట్టల దుకాణాలు, ముత్యాల దుకాణాలు దాటి చార్మినార్ వైపు నడిచేవారికి ఆ పరిసరాల్లో ఉర్దూ ధార్మిక గ్రంథాలు అమ్మే దుకాణాలు ఎదురవుతాయి. పెళ్లి బట్టలకు వచ్చిన కుటుంబం ఒక్కోసారి అక్కడా ఆగుతుంది. కొత్త పెళ్లికూతురికి ‘బిహిష్తీ జేవర్’ ఇవ్వడం పాత ఆచారమే. సంతాన నియంత్రణ విషయంలో ధర్మం ఏమంటున్నదో తెలుసుకోదలచిన పాఠకునికి అందే గ్రంథాలలో బాగా పేరున్నది మౌలానా మౌదూదీ రచించిన ‘ఇస్లాం ఔర్ జబ్తె విలాదత్’. ఈ గ్రంథానికి హైదరాబాద్‌తో సంబంధం ఉంది. ఇందులోని మూల వ్యాసాలు 1930ల మధ్యకాలంలో, గ్రంథకర్త ఇక్కడ నివసిస్తూ ‘తర్జుమానుల్ ఖుర్ఆన్’ పత్రికను నడుపుతున్న రోజుల్లో రూపుదిద్దుకున్నాయి.

ఈ గ్రంథపు బలం దాని సామాజిక విమర్శలో ఉంది. మాల్థస్ నుంచి మొదలుపెట్టి పాశ్చాత్య దేశాలలో ఈ ఉద్యమం ఎలా పెరిగిందో, యంత్ర నాగరికతలో కుటుంబం ఎలా సడలిందో గ్రంథకర్త పట్టుదలతో వివరించారు. దారిద్ర్య భయంతో సంతానాన్ని చంపవద్దన్న దివ్య ఖుర్ఆన్ ఆదేశాన్ని (17:31) ఆధారం చేసుకుని, పేదరికానికి విరుగుడు సంపద పంపిణీని సరిదిద్దడమే గాని జనాన్ని తగ్గించడం కాదన్నారు. ప్రభుత్వాలు జనసంఖ్యను లెక్కల పుస్తకంలా చూసిన కాలం మన దేశంలోనూ వచ్చింది. 1976–77లో ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. వాటిలో ఎన్ని మనస్ఫూర్తిగా చేయించుకున్నవో ఆనాటివారికి తెలుసు. ఆ అనుభవం తర్వాత ఈ గ్రంథాన్ని తేలికగా తీసిపారవేయడం ఎవరికీ తగదు.

అయితే ఉద్యమాన్ని ఖండించే తొందరలో గ్రంథకర్త సాధనాలన్నింటినీ ఒకే గాటన కట్టారు. భార్య ఆరోగ్యానికి ప్రమాదం వంటి ప్రత్యేక పరిస్థితుల్లో వ్యక్తిగతంగా అనుమతి ఉందని వారు అంగీకరించారు గాని, ఆ అనుమతి పొందిన ఇల్లాలు తర్వాత ఏం చేయాలన్నది గ్రంథంలో కానరాదు. ఎన్నాళ్లకు, ఏ సాధనం, ఎవరి శరీరం మీద? ఈ ప్రశ్నలు వైద్యునివి, ధర్మశాస్త్రానివి కావని కొందరు అనవచ్చు. పూర్వ ధర్మవేత్తలు అలా అనుకోలేదు.

ఇమామ్ గజాలీ (రహ్మ) ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లోని వివాహ ప్రకరణం చూడండి. 1111లో మరణించిన ఆ మహనీయుడు అజ్ల్‌ను, అంటే వీర్యాన్ని బయట విడవడాన్ని, నిషిద్ధమనలేదు. ఉత్తమమైనదాన్ని వదులుకోవడం మాత్రమేనన్నారు. ఆయన ఇచ్చిన పోలిక వ్యాపారస్థులు మెచ్చదగినది. బేరంలో ఒకరు ప్రతిపాదించి, రెండవవారు ఒప్పుకోకముందే వెనక్కు తీసుకుంటే ఒప్పందం చెడగొట్టినట్లు కాదు. అదేవిధంగా గర్భం నిలవకముందు ఆపడం వేరు, నిలిచిన తర్వాత తొలగించడం వేరు. అంతటితో ఆగక ఆయన ఉద్దేశాలను విడివిడిగా తూచారు. ప్రసవంలో భార్య ప్రాణానికి ముప్పన్న భయం, ఆమె అందం నిలవాలన్న కోరిక, ఎక్కువ సంతానం వల్ల కలిగే ఇబ్బంది – వీటిని తప్పు పట్టలేదు. ఆడపిల్ల పుడుతుందేమోనన్న భయంతో చేస్తే మాత్రం తప్పన్నారు. తొమ్మిది వందల ఏళ్ల నాటి ఆ జాబితాలో భార్య ప్రాణానికీ, అందానికీ చోటు దొరికింది. మన కాలపు వాదోపవాదాలలో అది దొరకడమే కష్టమైంది.

హనఫీ, మాలికీ, హంబలీ మజ్‌హబ్‌లు స్వతంత్రురాలైన భార్య అనుమతి లేకుండా అజ్ల్ చేయరాదన్నాయి. ఆ నిబంధనకు ఆధారంగా చూపే ఒక హదీసు పరంపర బలహీనమైనదని హదీసువేత్తలు చెప్పినా, సంతానంలోను, సుఖంలోను ఆమెకు హక్కుందన్న తర్కం నిలిచింది. అయితే చెడ్డ కాలమన్న కారణంతో తర్వాతి హనఫీలు కొందరు ఆమె అనుమతి అవసరం లేదన్నారు. ఇంకోవైపు స్త్రీ తానుగా గర్భాశయ ద్వారాన్ని మూసుకునే విషయాన్ని 16వ శతాబ్దంలో ఇబ్ను నుజైమ్ చర్చించి, దానికి భర్త అనుమతి కావాలన్నారు. అంటే ఆమె అడగదగినది, అతడు అడగదగినవాడు. నిర్ణయం ఇద్దరి మధ్యది.

ఈ సంపదనంతటినీ ఒకచోట చేర్చినది బాసిమ్ ముసల్లమ్ గ్రంథం. 1983లో కేంబ్రిడ్జి నుంచి వెలువడిన ఈ పరిశోధన 19వ శతాబ్దానికి ముందటి ముస్లిం సమాజాలలో సంతాన నియంత్రణను పరిశీలించింది. ధర్మశాస్త్రంతో పాటు వైద్య గ్రంథాలను కూడా సాక్ష్యానికి పిలవడం దీని విశిష్టత. ఆ వైద్యులలో ముఖ్యుడైన రాజీ ‘అల్‌హావీ’ అరబీ మూలాన్ని 1955 నుంచి సంపుటాలుగా అచ్చువేసినది హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫే. పత్తర్‌గట్టి దుకాణాల్లో నిలబడి ‘మన పెద్దలు ఇవన్నీ ఎరుగరు’ అనేవారికి ఇది ఆశ్చర్యం కలిగించవచ్చు. అయితే ముసల్లమ్ గ్రంథానికి కూడా ఒక లోటుంది. గ్రంథస్థమైన పురుషుల మాటే ఆయనకు దొరికింది. స్త్రీ అందులో అనుమతినిచ్చేదే గాని ఎంచుకునేది కాదు.

ఎంపికకు కొలమానాలు లేవా? 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ తీర్మానంలో అవి ఉన్నాయి. సంతాన స్వేచ్ఛను పరిమితం చేసే సాధారణ చట్టం కూడదన్నది. తప్పనిసరి అవసరం లేకుండా సంతానశక్తిని శాశ్వతంగా తొలగించరాదన్నది. గర్భాల మధ్య ఎడం కోసం, దంపతుల సంప్రదింపుతో, అంగీకారంతో, హాని లేని తాత్కాలిక పద్ధతి అనుసరించవచ్చన్నది. సంప్రదింపు, అంగీకారం అన్న జంటమాట పాలు మాన్పించే విషయంలో ఖుర్ఆన్ (2:233) చెప్పినదే.

ఈ కొలమానాలతో తెలుగునాట పరిస్థితి చూస్తే విచిత్రంగా ఉంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం, తెలంగాణలో దాదాపు 62 శాతం ఆపరేషన్ చేయించుకున్నవారే. తాత్కాలిక పద్ధతుల వాటా చాలా స్వల్పం. ధర్మవేత్తలు దేనిని చివరికి ఉంచారో అదే ఇక్కడ మొదటిదీ, చాలామందికి ఏకైకమైనదీ అయింది. అన్నిటినీ కలిపి వద్దన్న పుస్తకం ఈ స్థితిలో ఆమెకు ఏ సాయమూ చేయదు. ఆమె కొన్నాళ్లు వింటుంది, నాలుగో కాన్పు తర్వాత ఎవరికీ చెప్పకుండా ఆపరేషన్ బల్ల ఎక్కుతుంది.

తాత్కాలిక పద్ధతులు కూడా అందరికీ ఒకటి కావు. అజ్ల్‌నే నమ్ముకుంటే సాధారణ వాడకంలో ఏడాదికి నూరుమందిలో ఇరవైమందికి అటుఇటుగా గర్భం నిలుస్తుంది. కాపర్-టీతో ఒక్కరికైనా అరుదు. మరో రెండు మూడేళ్లకు బిడ్డ కావాలనుకునే ఆమెకు కాపర్-టీ అనువైనది, తీసివేస్తే సంతానశక్తి వెంటనే తిరిగివస్తుంది. కాని నెలసరిలో రక్తం ఎక్కువ పోయి పాలిపోయిన మనిషికి అది మరింత భారం. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ మామూలు మిశ్రమ హార్మోన్ మాత్రలు తగవు. రక్తపోటు ఉన్నవారికీ అవి తగవు. మూడు నెలలకొకసారి వేసే ‘అంతర’ ఇంజెక్షన్ 2017 నుంచి ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది. మానేసిన తర్వాత గర్భం నిలవడానికి చాలా నెలలు పట్టవచ్చు. లక్నోలో కనుగొన్న ‘ఛాయ’ మాత్ర హార్మోన్ లేనిది, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి. నిరోధ్ ఒక్కటే సుఖవ్యాధుల నుంచి కూడా కాపాడుతుంది, అయితే అందుకు భర్త సిద్ధపడాలి.

ఇక్కడే ధర్మశాస్త్రం పలకవలసిన చోటొకటి ఉంది. ఇంజెక్షన్ వేయించుకున్న కొత్తలోను, కాపర్-టీ పెట్టించుకున్న తొలి నెలల్లోను అకాలంగా రక్తం కనిపించడం సామాన్యం. నమాజు మానాలా, ఉపవాసం చెల్లుతుందా? చాలామంది స్త్రీలు ఆ సాధనాన్ని మానేయడానికి ఈ సందేహం చాలు. ఆ మాట వైద్యురాలితో చెప్పరు, ఆలిమ్‌ను అడగరు. హనఫీ మతంలో హైజ్ కనీసం మూడు రోజులు, ఎక్కువలో ఎక్కువ పది. ఆ పరిధికి బయటిది ఇస్తిహాజా. అందులో వుజూ చేసుకుని నమాజు చదవాలి, ఉపవాసమూ ఉండాలి. ‘బిహిష్తీ జేవర్’లో ఈ నియమాలు ఇంటి భాషలో, చక్కగా ఉన్నాయి. గ్రంథకర్త మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ 1943లో మరణించారు. ఆనాటికి ఇంజెక్షన్ గాని, కాపర్-టీ గాని లేవు. ఆ ప్రకరణానికి ఈ సాధనాల పేర్లు చేర్చి, ప్రసూతి వైద్యురాలొకరు, ముఫ్తీ ఒకరు కలిసి ఉర్దూలోను, తెలుగులోను ఇరవై పుటలు రాస్తే పత్తర్‌గట్టిలో కొనేవారికి కొదవ ఉండదు. పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రి అక్కడికి దగ్గరే.